కేకు గిన్నెలో ఆర్మేచర్

ఎనభై ఆరో సంవత్సరం క్రిస్మస్‌కి మా ఇంటి కేకు వార్నిష్ వాసన వేసింది. అయినా ఒక్క ముక్క మిగల్లేదు. పక్కింటి పోలమ్మ ఇప్పటికీ నన్ను ఎక్కడ చూసినా పేరు పెట్టి పిలిచి, "ఆ ఏడు కేకే కేకు సూసన్నా, మరలాంటిది కుదరనేదు" అని వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ. ఆ కేకు అలా పాడైనందుకు నేను ఈరోజుకీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

అప్పుడు మేం ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు వరండా, వెనకాల రేకుల షెడ్డు. మనుషులం ముగ్గురం. మా ఆయన విల్‌ఫ్రెడ్‌ది వర్క్‌షాప్‌లో ట్రెయిన్ లైటింగ్ సెక్షన్. బోగీల కింద వేలాడే డైనమోలు కాలిపోతే వాటిలోని పాత తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టి బతికించడం ఆయన పని. మా నాన్న జ్ఞానరత్నం రైల్వే మోటారు గేరేజీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. ఇద్దరూ బంగారం లాంటి మనుషులే. ఇద్దరికీ మాటల్లేవు.

రెండు గదుల ఇంట్లో మాటల్లేకుండా ఎలా నెగ్గుకొచ్చారని అడుగుతారేమో. మధ్యలో నేనొకదాన్ని ఉన్నాను కదా! "మీ ఆయనతో సెప్పు, సైకిలు తాళం బల్ల మీదున్నాదని" అని నాన్న అంటాడు. ఆ మాట రెండడుగుల దూరంలో ఉన్న మా ఆయన చెవిన పడుతూనే ఉంటుంది. అయినా నేను తిరిగి, "సైకిలు తాళం బల్ల మీద ఉందట" అని చెప్పాలి. అప్పుడే ఆయన లేచి తీసుకుంటారు. ఒకే బల్ల ముందు కూర్చుని అన్నం తింటూ, ఉప్పు గిన్నె కూడా నా నోటి మీదుగా అడిగించుకునేవారు. పోస్టుమేనుకైనా ఆదివారం సెలవుంటుంది, నాకు అదీ లేదు. మాట మోసేటప్పుడు అందులో ఘాటు తగ్గించి కాస్త బెల్లం కలిపేదాన్ని. అది మాత్రం నేను స్వతంత్రంగా తీసుకున్న హక్కు.

దీనంతటికీ మూలం ఒక కారు. పాత ఆస్టిన్. నాన్న పై ఆఫీసరు, ఆంగ్లో-ఇండియన్ ఆయన, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ దాన్ని నాన్న చేతిలో పెట్టి వెళ్లాడు. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్ ముందు రోజూ మా వీధుల్లో ఒక ఆనవాయితీ ఏర్పడింది. చర్చి కేరల్స్ బృందం పాడుకుంటూ ఇంటింటికీ వెళ్తుంటే, దాని ముందు ఆస్టిన్ కారు, రెండు హెడ్‌లైట్లూ వెలిగించుకుని నడిచేది. అందులో ఎర్రకోటు, దూది గడ్డంతో క్రిస్మస్ తాత, అంటే మా నాన్న. తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు అని లేదు, పిల్లలందరూ టాఫీల కోసం కారు పక్కన పరిగెత్తేవాళ్లు.

ఒక ఏడాది గోల్‌బజార్ మలుపులో కారులోంచి పొగ వచ్చింది. డైనమో కాలిపోయింది. డైనమో లేకపోతే బేటరీ నిండదు, బేటరీ లేకపోతే కారు లేదు. మర్నాడు చర్చి ఆవరణలో అందరూ ఉండగా మా ఆయన ముందుకొచ్చి, దాని ఆర్మేచర్ తానే చుట్టి ఇస్తానన్నారు. ఆర్మేచర్ అంటే డైనమో లోపల తిరిగే ఇరుసు, దాని చుట్టూ తీగ ఉంటుంది. నాన్న అప్పటికే నలుగురిలో కారు పొగ కక్కిన చిరాకులో ఉన్నాడు. "ఇది బోగీ కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. గేరేజీవాళ్లకీ ట్రెయిన్ లైటింగ్ వాళ్లకీ వర్క్‌షాప్‌లో పాత వేళాకోళాలు ఉండేవి, నాన్న దాన్నలాగే అన్నాడు. మా ఆయన మాత్రం దాన్ని గుండెల్లో పెట్టుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు మూసిన నోరు మళ్లీ నాన్న దగ్గర తెరవలేదు. కారు షెడ్డులో పడింది. దాని వెనక సీటుని పోలమ్మ కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తీసేసుకున్నాయి.

తరవాతి ఏళ్లలో నాన్న నడిచే వెళ్లేవాడు. ఎనభై ఆరు నాటికి మోకాళ్లు మొండికేశాయి. వరండాలోంచి వీధి గుమ్మం దాకా రావాలన్నా నా భుజం కావాలి.

డిసెంబరు మొదటి ఆదివారం కేరల్స్ పెద్ద సమూయేలు వచ్చాడు. చర్చిలో పాటలు నేర్పేది ఆయనే, పాపం మంచి మనిషి. ఈసారి నాన్నని రిక్షాలో కూర్చోబెట్టి తీసుకెళ్తామని, రిక్షాకి రంగుకాగితాలు కడతామని నెమ్మదిగా చెప్పాడు. నాన్న అంతా విన్నాడు. నన్ను పిలిచి పెట్టెలోంచి ఎర్రకోటు తీసుకురమ్మన్నాడు. తెచ్చాను. దాన్ని మడత పెట్టి సమూయేలు ఒళ్లో పెట్టాడు.

"నువ్వే ఏసుకో. నన్ను మోసుకెల్లే పండగ నాకొద్దు" అన్నాడు.

సమూయేలు ఆ కోటు పట్టుకోలేదు, వదిలిపెట్టలేదు. చివరికి దాన్ని గోడ మేకుకి తగిలించి, ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా గోడవైపు తిరగలేదు.

సాయంత్రం టీ ఇస్తుంటే అన్నాడు: "మీ ఆయనతో సెప్పు, గోల్‌బజార్లో పాతినప సామాన్లోడికి కబురెట్టమని. కారు పట్టుకుపోతాడు, సెడ్డు కాళీ అవుద్ది."

ఇందులో కలపడానికి నా దగ్గర బెల్లం లేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మా ఆయన పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు. సబ్బు నురగ కడుక్కోకుండానే ఇటు తిరిగారు.

"మీ నాన్నతో సెప్పు, కిస్మస్ అయినదాకా ఏ సామాన్లోడూ మన గుమ్మం తొక్కడానికి నేదని" అన్నారు.

మర్నాడు వర్క్‌షాప్ సైరను మోగి, ఆయన ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్లారు. కోళ్లు అరుస్తూ బయటికొచ్చాయి. వాటి వెనకే పోలమ్మ పరిగెత్తుకొచ్చి, పెట్ట పొదిగే వేళ లేపితే పాపం తగులుతుందని శాపనార్థాలు మొదలుపెట్టింది. ఆయన ఓపిగ్గా గడ్డితో సహా గంపలోకి మార్చి, గంప ఆవిడ చేతికిచ్చారు. అప్పుడు కారు ముందు మూత ఎత్తారు.

స్పేనరు చప్పుడు వరండాలోకి వినిపిస్తూనే ఉంది. నాన్న చెవులు ఆ చప్పుడు మీదే ఉన్నాయని నాకు తెలుసు. చేతిలో పేపరు ఎంతసేపటికీ పేజీ తిరగలేదు.

"మీ ఆయన ఏటి సేత్తన్నాడు?"

డైనమో విప్పుతున్నారన్నాను.

"కాల్లు పోయినోడి మీద జాలి సూపక్కర్నేదని సెప్పు."

నేను వెళ్లి, నాన్న చాలా సంబరపడుతున్నాడని చెప్పాను. మా ఆయన తల ఎత్తకుండానే, నేను తెచ్చే కబుర్లలో ఈ మధ్య తీపి మరీ ఎక్కువవుతోందని, ఇలాగైతే షుగరు వచ్చేలా ఉందని అన్నారు.

ఆ వారమంతా సాయంత్రాలు మా వంటింటి గుమ్మం దగ్గరే గడిచాయి. కాలిపోయిన తీగ నల్లగా, పెళుసుగా ఊడి వచ్చింది. దాన్ని పారెయ్యకుండా నేను క్రిస్మస్ నక్షత్రం వెదురుబద్దలు కట్టడానికి వాడుకున్నాను. మిగిలిన ఇనప ఇరుసుని ఆయన తుడిచి, దాని గాడుల్లో మందపు కాగితం పరిచి, కొత్త రాగితీగ చుట్టడం మొదలుపెట్టారు. తీగ ఉండ నేను పట్టుకునేదాన్ని. మా ఆయన మాటల్లో పొదుపరి గానీ, ఆ చేతులు పని చేస్తుంటే చూడాలి. ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, మధ్యలో వెంట్రుక దూరదు. వరండా ఆ చివర నాన్న, ఈ చివర ఆయన, మధ్యలో నేను తీగ పట్టుకుని. మాటైతే లేదు, కానీ అంతకుముందులా మూతి బిగింపు కూడా లేదు. ఇద్దరూ ఒకే వస్తువు గురించి ఆలోచిస్తున్నారు, ఎవరికి వారే.

చుట్టడం పూర్తయింది. ప్రతి తీగ కొసనీ ఇరుసు చివర ఉండే రాగి పలకలకి టంకం పెట్టి అతికారు. తరవాత వార్నిష్‌లో ముంచారు. అక్కడ వచ్చింది అసలు గొడవ.

వార్నిష్ ఆరాలంటే వేడిలో పెట్టాలట. ఆ వేళకి నేను కేకు కాల్చడానికి బొగ్గుల కుంపటి మీద పెద్ద గిన్నె పెట్టి, అడుగున ఇసక పోసి, మూత మీద నిప్పులు వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను. ఏడాదికొకసారి చేసే పని. ఎండు ద్రాక్షలు నానబెట్టి ఉన్నాయి, పిండి కలిపి ఉంది. ఆయన చుక్కలు కారుతున్న ఆర్మేచర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను గిన్నెకి అడ్డంగా నిలబడ్డాను. మీ వర్క్‌షాప్‌లో ఇంటంత పొయ్యి ఉంది కదా అన్నాను. అది రైల్వేదని, సొంత కారు సామాను అందులో పెట్టడం దొంగతనమని అన్నారు. మరి నా కేకు సంగతేంటన్నాను. కేకు ఆలస్యమైతే ఏమీ కాదు, వార్నిష్ ఆరిపోకపోతే తీగ కదులుతుందన్నారు. ఇంక ఆయన మొహం చూసి పక్కకి జరిగాను. వచ్చిన కోపాన్ని పిండి గిన్నె మూత మీద చూపించాను.

ఇల్లంతా వార్నిష్ వాసన. పోలమ్మ గోడ మీంచి తల పెట్టి, "ఏటమ్మా, అల్మరాలు పాలిస్ ఎడతన్నారా?" అని అడిగింది.

కేకు తరవాత అదే ఇసకలో కాలింది. మిగతాది మీకు తెలుసు.

మర్నాడు పరీక్షలు. ఆయన పాత ట్రాన్స్‌ఫార్మర్ రేకులతో ఇంట్లోనే ఒక చిన్న యంత్రం చేసుకున్నారు. దాన్ని వాళ్లు గ్రౌలర్ అంటారు. కరెంటిస్తే ఊరికే గుర్రుమంటుంది. దాని ఒళ్లో ఆర్మేచర్ పెట్టి, పైన రంపం బ్లేడు ఒకటి ఆనించి నెమ్మదిగా తిప్పాలి. లోపల ఎక్కడైనా తీగ తీగా కలిసిపోయి ఉంటే ఆ బ్లేడు టకటకా ఎగురుతుంది. ఎగరలేదు. చుట్టూ తిప్పినా ఎగరలేదు. తరవాత తీగకి ఒక బల్బు కలిపి, ఒక కొస ఇరుసుకీ ఇంకో కొస రాగి పలకలకీ తగిలించుకుంటూ వచ్చారు. బల్బు వెలగలేదు. గోడ మీంచి చూస్తున్న పోలమ్మ, "అయ్యో పాపం, ఇంత కట్టపడితే ఎలగనేదు" అని నొచ్చుకుంది. వెలగకపోవడమే మంచిదని, వెలిగితే కరెంటు ఇనుములోకి కారిపోతున్నట్టని చెప్పాను. వెలగకపోతే సంతోషించే దీపం తన జన్మలో చూడలేదంది.

ఆఖరి పరీక్ష ఒకటుంది. డైనమో అంతా బిగించి, దానికి బేటరీ తీగలు తగిలిస్తే మోటారులా తిరగాలి. తిరిగితే కారులో పెట్టాక కరెంటు పుట్టిస్తుంది. సమూయేలు ఎక్కడినుంచో నిండు బేటరీ పట్టుకొచ్చాడు. నాన్న ఎవరినీ పిలవకుండా కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కుర్చీని మావైపు తిప్పుకుని కూర్చున్నాడు. అది నేనొక్కదాన్నే చూశాను.

తీగలు తగిలించారు. డైనమో ఒక్కసారి వణికింది. లోపల రాగి పలకలకి ఆనుకుని ఉండే బ్రష్‌ల దగ్గర నీలంగా నిప్పురవ్వలు లేచాయి. తిరగలేదు. మళ్లీ తగిలించారు. మళ్లీ వణుకు, రవ్వలు, అంతే.

మా ఆయన విప్పారు. గ్రౌలర్ మీద పెట్టారు, బ్లేడు ఎగరలేదు. బల్బు పెట్టారు, వెలగలేదు. ఏ పరీక్షకీ తప్పు దొరకలేదు. బిగిస్తే తిరగదు. సమూయేలు గడ్డం గోక్కుని, ఏదో ఒకటి ఆలోచిద్దామని, రిక్షా మాట మళ్లీ ఎత్తబోయి నా మొహం చూసి ఆపేశాడు.

నేను నాన్న నోటివైపు చూస్తున్నాను. ఆ పాత మాట అక్కడే ఉందని నాకు తెలుసు. అనే హక్కు కూడా వచ్చింది ఇప్పుడు. ఆ ఒక్క మాటా బయటికొస్తే కారు సామాన్లవాడికి పోతుంది, కోటు పెట్టెలోకి పోతుంది, నేను చచ్చేదాకా వీళ్లిద్దరికీ ఉప్పు గిన్నెలు అందిస్తూ ఉంటాను. అనవద్దని కళ్లతోనే ఉరిమాను. నాన్న నన్ను చూడలేదు. డైనమోనే చూస్తున్నాడు. చీకటి పడబోతుండగా నన్ను పిలిచి అడిగాడు.

"మీ ఆయన ఏటైనా తిన్నాడా?"

తినలేదన్నాను.

"పెట్టు" అన్నాడు. అంతే.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక నేను గులాబీ పువ్వులు వండుతున్నాను. ఇత్తడి అచ్చుని పిండిలో ముంచి నూనెలో పెడుతున్నాను. మా ఆయన ఆర్మేచర్ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నారు.

"మీ నాన్నతో సెప్పు..." అని మొదలుపెట్టారు.

చెప్పండి అన్నాను. ఆయన చెప్పలేదు. నా అచ్చు మీది పువ్వు నూనెలో ఎర్రబడిపోతోంది. ఆయన లేచి, ఆర్మేచర్ రెండు చేతులతో పట్టుకుని వరండాలోకి వెళ్లి, నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు.

"మావయ్యా" అన్నారు. "ఇది బోగీ కాదు కదా."

నా పువ్వు మాడిపోయింది. నేను కదల్లేదు.

నాన్న కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత చెయ్యి చాపాడు. మా ఆయన ఆర్మేచర్ ఆ చేతిలో పెట్టారు. నాన్న దాన్ని కళ్లతో చూడలేదు. బొటనవేలి గోరుతో ఇనుము అంచు వెంబడి నెమ్మదిగా గీసుకుంటూ వెళ్లాడు. ఒక చోట గోరు ఆగింది. అక్కడ అరంతో కోసిన సన్నటి గాటు ఉంది. తరవాత రాగి పలకల అంచు తడిమాడు. అక్కడా అలాంటిదే ఇంకొకటి. రెండూ ఎదురెదురుగా లేవు, కొంచెం పక్కకి ఉన్నాయి.

"ఈ గాటులోంచి వచ్చిన తీగ ఆ గాటు కాడికెల్లాల" అన్నాడు. "కారు నా సేతికొచ్చిన కొత్తల్లో ఇప్పి సూసినప్పుడు నానే ఎట్టినాను."

మా ఆయన ఆ గాట్లని తుప్పు మచ్చలనుకున్నారట. విప్పే ముందు ఏ తీగ ఏ పలకకి వెళ్తోందో గుర్తు పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకుంటారు? జీవితమంతా బోగీల డైనమోలే కదా చుట్టింది. రైలు ముందుకీ పోతుంది, వెనక్కీ పోతుంది. బోగీ కింద డైనమో ఎటు తిరిగినా దీపాలు వెలగాలి. అందుకని వాటి తీగ కొసల్ని తిన్నగా ఎదురుగా ఉన్న పలకకే అతుకుతారు. అది ఆయన వేళ్లకి అలవాటైపోయి, ఆలోచన అక్కర్లేకుండా జరిగిపోయే పని. కారు ఇంజను ఒక్కవైపే తిరుగుతుంది కాబట్టి దానికి పక్కకి జరిపి అతకాలి. తీగలో తప్పు లేదు, చుట్టడంలో తప్పు లేదు, అందుకే ఏ పరీక్షా పట్టుకోలేదు.

మా ఆయన తల వంచుకుని విన్నారు. నాన్న ఆర్మేచర్‌ని అటూ ఇటూ తిప్పి, ఆ రాగి చుట్ల మీద అరచెయ్యి ఆనించాడు.

"సుట్టడం మాత్రం ఇలగ మా గేరేజీలో ఎవుడూ సుట్టనేడు అల్లుడూ" అన్నాడు. "నీ సెయ్యి రెండేపులా పోడానికి అలవాటైనాది. అదేం తప్పు కాదు."

అల్లుడూ! ఇన్నాళ్లూ ఆయన పేరు ఆ ఇంట్లో 'మీ ఆయన'. నేను లోపలికొచ్చి, మాడిన పువ్వుని నూనెలోంచి తీసి, వేడి కూడా చూసుకోకుండా తినేశాను. నోరు కాలింది. కళ్లలో నీళ్లు అందుకే వచ్చాయని పోలమ్మతో చెప్పాను.

తరవాతి రోజుల్లో నా వంటిల్లు నాది కాకుండా పోయింది. టంకం కరిగించి కొసలన్నీ ఊడదీసి, పక్కకి జరిపి, మళ్లీ అతకాలి. మళ్లీ వార్నిష్, మళ్లీ నా గిన్నె. నాన్న కుర్చీ వంటింట్లోకి వచ్చేసింది. కుంపటి పక్కన కూర్చుని, నిప్పులు ఎక్కువయ్యాయని, తక్కువయ్యాయని ఆయన చెప్పడం, మా ఆయన పటకారుతో నిప్పులు అటూ ఇటూ జరపడం. మధ్యమధ్య గేరేజీ కబుర్లు, వర్క్‌షాప్ కబుర్లు. ఇన్నేళ్ల మాటలు ఎక్కడ దాచుకున్నారో గానీ, అన్నీ నా కుంపటి దగ్గరే కక్కారు. నేనేదైనా అడిగితే ఇద్దరూ ఒకేసారి, ఉండమని చెయ్యి చూపించేవారు. మిగిలిన పిండివంటలన్నీ పోలమ్మ ఇంట్లో వండుకున్నాను. ఆవిడ ప్రతి దాంట్లోంచి రుచి చూసే వంకతో సగం తినేసింది.

ఈసారి బేటరీ తీగలు తగిలించగానే డైనమో ఒక్క క్షణం ఆలోచించి, తిరిగింది. చప్పుడు లేకుండా, రవ్వలు లేకుండా, మెత్తగా తిరుగుతూనే ఉంది. నాన్న దాని మీద వేలు ఆనించి వణుకు చూసి, తల ఆడించాడు. మా ఆయన తీగలు తీసేశారు, మళ్లీ తగిలించారు, మళ్లీ తీసేశారు. అలా ఎన్నిసార్లు చేశారో. చంటిపిల్లాడికి గిలక దొరికినట్టే ఉందని నేనన్నా వినిపించుకోలేదు.

కారులో బిగించాక మా ఆయన బేటరీ నుంచి ఒక తీగ తీసి, డైనమోకి అలా ముట్టించి తీసేశారు. చిటుక్కుమంది. అదేంటని నాన్న అడిగాడు. కొత్తగా చుట్టినదానికి కరెంటు ఎటు పుట్టించాలో ఒకసారి గుర్తు చెయ్యాలని, లేకపోతే తలకిందులుగా పుట్టించి బేటరీని తినేస్తుందని ఆయన చెప్పారు. నాన్న గేరేజీలో తామెప్పుడూ ఇది చెయ్యలేదని, అప్పట్లో ఒకటి రెండు బేటరీలు ఎందుకు చచ్చిపోయాయో ఇప్పుడు తెలిసిందని ఒప్పుకున్నాడు. మా ఆయన మొహంలో వెలుగు చూడాలి. అది ఆ ఏడు ఆయనకి దొరికిన క్రిస్మస్ బహుమానం.

ఇరవై నాలుగో తారీకు పొద్దు వాలుతుండగా కేరల్స్ బృందం మా గుమ్మం ముందు చేరింది. చలి బాగా ఉంది, బొగ్గుల పొగ వీధంతా కిందికి దిగి ఉంది. నాన్న ఎర్రకోటు వేసుకున్నాడు. గడ్డం నేనే కట్టాను. సమూయేలు ఒకవైపు, మా ఆయన ఒకవైపు పట్టుకుని కారు ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఒళ్లో టాఫీల బుట్ట పెట్టారు. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని ఇంజను స్టార్టు చేశారు. దగ్గింది, ఉమ్మింది, అందుకుంది. కారు లోపల కరెంటు చూపించే చిన్న ముల్లు ఒకటుంది. ఇద్దరి తలలూ దాని మీదికి వంగాయి. ఇంజను వేగం పెంచేసరికి ముల్లు కదిలి, కుడివైపుకి పోయి నిలబడింది. అంటే డైనమో పని చేస్తోంది, బేటరీ నిండుతోంది. హెడ్‌లైట్లు వేశారు. ఎదురు గోడ, నా నక్షత్రం, గోడ మీద పోలమ్మ తల, అన్నీ ఒక్కసారి పచ్చగా వెలిగాయి. ఈసారి వెలిగింది కాబట్టి సంతోషించవచ్చా అని ఆవిడ అడిగింది. సంతోషించమన్నాను.

పిల్లలు అప్పుడే కారు చుట్టూ మూగారు. బృందం పాట ఎత్తుకుంది. నేను చీర కొంగు నడుముకి దోపుకుని, ఎప్పటిలాగే వెనకాల నడవడానికి సిద్ధమయ్యాను. కారు కదలబోయి ఆగింది.

నాన్న ముందు సీట్లోంచి నన్ను చూశాడు. నేను తలుపు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. ఆయన నాతో ఏమీ అనలేదు. దూది గడ్డం పక్కకి తిప్పి మా ఆయనతో అన్నాడు.

"అల్లుడూ, సూసన్నతో సెప్పు, ఎనకాల సీట్లో కూకోమని. అంత దూరం నడిస్తే కాల్లు పీకుతాయి."

మా ఆయన నావైపు తిరిగారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పడుతున్న అవస్థ చూడాలి.

"మీ నాన్న ఎనకాల ఎక్కమంతన్నారు" అన్నారు.

నేను వెనక తలుపు తెరిచాను. సీటు మీద ఇంకా రెండు కోడి ఈకలు ఉన్నాయి. దులిపి కూర్చుని, తలుపు గట్టిగా వేశాను.

"మీ మావయ్యతో సెప్పండి, ఎక్కినానని" అన్నాను.

ఆయన చెప్పారు.